పిండి గోడల పెట్టె

మధ్యయుగపు ఇంగ్లండు వంటవాడు పిండి పిసికి, చేత్తోనే గోడలు లేపి, లోపల మాంసం సర్ది, పైన పిండి మూత అంటించి బట్టీలో పెట్టేవాడు. ఆ గోడల పెట్టెను 'కాఫిన్' అనేవాడు. అప్పట్లో ఆ మాటకు బుట్ట, పెట్టె అనే అర్థాలుండేవి. శవపేటికకు ఆ పేరు తర్వాత వచ్చింది. 'పై' అనే వంటకం జీవితకథను ఈ పెట్టె దగ్గరే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆ పిండి ముందు పాత్ర, ఆ తర్వాతే తిండి.

అలాంటి పాత్ర ఎందుకు కావలసి వచ్చిందో ఆనాటి బట్టీని చూస్తే తెలుస్తుంది. ఇటుకలతోనో రాళ్లతోనో కట్టిన గుమ్మటంలో కట్టెలు పేర్చి మండిస్తారు. గోడలు బాగా కాగాక నిప్పులు, బూడిద బయటికి లాగేసి, వండాల్సినవి లోపల పెట్టి మూసేస్తారు. ఆపైన వేడి పెంచే వీలు లేదు. గోడల్లో దాగిన వేడి మెల్లగా తగ్గుతూ పోతుంది. అలాంటి చోట మాంసాన్ని ఊరికే పెడితే పైన మాడుతుంది, లోపల ఎండుతుంది. పిండి పెట్టెలో పెడితే ఆ పైపొర మాత్రమే ఎండి, ఎర్రబడి, గట్టిపడుతుంది. రసం లోపలే నిలుస్తుంది. తడి ఉన్నంతసేపూ మాంసం వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. దమ్ బిర్యానీ గిన్నె మూత చుట్టూ పిండి అంటించడంలోని ఉపాయమే ఇది. కాకపోతే ఇక్కడ గిన్నె కూడా పిండిదే.

గోధుమపిండిని నీళ్లు పోసి పిసికితే గ్లూటెన్ అనే ప్రోటీన్ల వల ఏర్పడుతుంది. గోడ కూలకుండా నిలబెట్టేది అదే. వేడి తగిలాక పిండిలోని స్టార్చ్ నీరు పీల్చి ఉబ్బుతుంది, తర్వాత ఆరి బిగుస్తుంది. గోడ మందంగా ఉంటే దూరప్రయాణానికి కూడా తట్టుకుంటుంది.

ప్రయాణమంటే ఇంగ్లండులోని నారిచ్ నగరం గుర్తుకొస్తుంది. ఏటా తొలి హెర్రింగ్ చేపలతో 24 పైలు చేయించి రాజుకు పంపడం ఆ ఊరి మీద మధ్యయుగం నుంచీ ఉంటూ వచ్చిన బాధ్యత. మొత్తం 120 చేపలు, ఒక్కో పైలో అయిదు. 1629లో రాజు కొలువు నుంచి నగరానికి ఒక ఫిర్యాదు లేఖ వెళ్లింది. చేపలు తొలి వేటవి కావట, కొన్ని పైలలో నాలుగేసి చేపలే ఉన్నాయట, పైల లెక్క కూడా తగ్గిందట, కొన్ని పగిలిపోయాయట. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్న ఆరోపణ మరొకటుంది: ప్రయాణానికి తట్టుకునేలా గట్టి పిండిలో కాల్చలేదని. కొలువు అధికారులు రుచి సంగతి ఎత్తకుండా గోడ బలాన్ని తప్పుపట్టారు. ఆ పెట్టె చేయాల్సిన పనేమిటో వాళ్లకు బాగా తెలుసు.

లండన్ సామాన్యుల కథ వేరు. చాలా ఇళ్లల్లో బట్టీ ఉండేది కాదు. థేమ్స్ ఒడ్డున వండిన తిండి దొరికే అంగళ్లున్నాయని 1170ల్లోనే విలియం ఫిట్జ్‌స్టీఫెన్ అనే రచయిత రాశాడు. 1378లో నగరం ప్రకటించిన ధరల పట్టీలో పిండిలో పెట్టి కాల్చిన మేలురకం కేపన్ కోడికి (విత్తులు తీసి పెంచిన పుంజుకు) 8 పెన్నీలు. కోడి తెచ్చుకున్నవాడి దగ్గర పిండికీ, మంటకూ, శ్రమకూ కలిపి ఒకటిన్నర పెన్నీ తీసుకోవాలి. సొంత పొయ్యి లేని మనిషికి ఆ ఏర్పాటు ఎంత ఆసరా అయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మూత వేసిన పెట్టెలో ఏముందో కొనేవాడికి కనిపించదు. ఆ మరుసటి ఏడు, 1379లో, పిండిలో మాంసం పెట్టి కాల్చే పేస్టీలు చేసేవాళ్లపై లండన్ కొత్త కట్టుబాట్లు పెట్టింది. కంపు కొట్టే పక్షి పేగులూ తలకాయలూ లోపల పెడుతున్నారనీ, గొడ్డుమాంసాన్ని జింకమాంసమని అమ్ముతున్నారనీ అభియోగం. తొలిసారి తప్పుకే 6 షిల్లింగుల 8 పెన్నీల జరిమానా, పైగా జైలు.

అదే కాలంలో ఇంగ్లిష్ కవి చాసర్ రాసిన కాంటర్బరీ కథల్లో రోజర్ అనే వంటవాణ్ణి సత్రం యజమాని ఆటపట్టిస్తాడు: పేస్టీల్లోంచి రసం తీసేస్తావనీ, చల్లారిన సరుకును మళ్లీ వేడిచేసి అంటగడతావనీ, నీ అంగట్లో ఈగలు ముసురుతాయనీ. ఈ మాటల్లో ఉన్న ప్రమాదం నిజమైనదే. క్లాస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా బీజాలు కొన్ని 100 డిగ్రీల దగ్గర ఉడికినా చావవు. మాంసం నెమ్మదిగా చల్లారుతూ గోరువెచ్చగా ఉన్న గంటల్లో అవి మేల్కొని పెరుగుతాయి. వాటికి గాలి అక్కర్లేదు. రసాన్ని కాపాడిన మందపాటి గోడే వేడిని తొందరగా పోనివ్వదు కనుక ఆ గంటలు ఇంకా పెరుగుతాయి. సూక్ష్మజీవుల సంగతి ఎరగని ఆ నగరం, కంపునూ మోసాన్నీ గమనించి నియమాలు రాసుకుంది.

కాలం గడిచేకొద్దీ పెట్టె పనిని మట్టి, లోహం గిన్నెలు తీసుకున్నాయి. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో స్టాఫర్డ్‌షైర్‌లోని వెడ్జ్‌వుడ్ కార్ఖానా కాల్చిన పిండి రంగులో మూతపాత్రలు తయారుచేసింది. దూరం నుంచి చూస్తే అచ్చం పై. నొక్కిన అంచులు, ఆకుల అలంకారాలు, గోడ వంపు, అన్నీ మట్టితో.