బ్యాటరీ చచ్చిందా, తలుపేసుకుందా?

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలవగానే పెళ్లి ఫొటోగ్రాఫర్లు కెమెరా సంచి దులుపుతారు. పోయిన సీజన్‌లో ఆఖరి పెళ్లికి అడుగంటా వాడి, ఛార్జింగ్ పెట్టకుండా పడేసిన బ్యాటరీ ఒకటి ఏ మూలో దొరుకుతుంది. ఛార్జర్‌లో పెడితే ఎర్రదీపం టపటపా కొట్టుకుంటుంది. మల్టీమీటర్ పెడితే సున్నా. కొందరు దాన్ని చచ్చిన లెక్కలో రాసేస్తారు, కొందరు తీగలు తెచ్చి బతికించడానికి కూర్చుంటారు. ఇద్దరిదీ తొందరే. సున్నాల్లో రెండు రకాలున్నాయి.

పెద్ద కెమెరాల బ్యాటరీ డబ్బీలో సాధారణంగా రెండు లిథియం అయాన్ సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, రెండూ కలిసి 8.4. సెల్ 3 వోల్టుల దగ్గరికి దిగిందంటే ఇక తోడుకోవడానికి పెద్దగా ఏమీ మిగలనట్టే. వీటికి కాపలాగా గోరంత సర్క్యూట్ బోర్డు ఉంటుంది. ఏ సెల్ అయినా సుమారు 2.5 వోల్టుల కిందికి జారితే అది బయటికి పోయే దారి మూసేస్తుంది. అప్పుడు లోపల ఒక్కో సెల్‌లో రెండు వోల్టులున్నా బయట మీటర్‌కు సున్నాయే కనబడవచ్చు. ఇది తలుపేసుకున్న ఇల్లు, మొదటి రకం సున్నా.

వాడకుండానే ఎలా దిగిందంటారా? సెల్ తనంతట తానే నెలనెలా కొద్దిగా కోల్పోతుంది. కాపలావాడికీ కూలి ఇవ్వాలి. బోర్డు 5 మైక్రోఆంపియర్లే తీసుకుంటుందనుకున్నా, ఏడాదికున్న 8,760 గంటలకు దాదాపు 44 మిల్లీఆంపియర్ గంటలు. వెయ్యి మిల్లీఆంపియర్ గంటల బ్యాటరీని 4 శాతం మిగిల్చి దాచితే అదంతా కూలికే చెల్లు. కెమెరాలోనే వదిలేస్తే ఇంకా త్వరగా దిగుతుంది, స్విచ్ ఆపినా చాలా కెమెరాలు కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి.

రెండో సున్నా సెల్ లోపలే పుడుతుంది. సెల్‌లో ఒకవైపు రాగి రేకు మీద గ్రాఫైట్ పూత, మరోవైపు అల్యూమినియం రేకు మీద లోహ ఆక్సైడ్ పూత ఉంటాయి. గ్రాఫైట్‌లో లిథియం ఉన్నంతకాలం రాగికి భయం లేదు. లిథియం పూర్తిగా ఖాళీ అయ్యేకొద్దీ ఆ వైపు విద్యుత్ పొటెన్షియల్ ఎగబాకుతుంది. సెల్ వోల్టేజీ సున్నాకు చేరువయ్యేసరికి రాగి ఎలక్ట్రోలైట్‌లో కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేస్తే ఆ రాగి తిరిగొస్తుంది గానీ పాత చోట కుదురుకోదు. ముళ్లలా పేరుకుని, రెండు వైపులనూ వేరుచేసే పలుచని పొరను పొడుచుకుపోతే లోపలే షార్ట్. వేడి, పొగ, మంట ఆ తర్వాతి అంకాలు.

అందుకే మంచి ఛార్జర్ అడుగంటిన సెల్‌కు ఒకేసారి కడుపునిండా పెట్టదు. మామూలు కరెంటులో పదోవంతుతో గంజి పోసినట్టు మొదలుపెడుతుంది. గడువులోపు 3 వోల్టులకు లేస్తే పూర్తి కరెంటు ఇస్తుంది, లేవకపోతే ఆపేసి ఎర్రదీపం చూపిస్తుంది. కొన్ని ఛార్జర్లు మాత్రం తలుపేసి ఉంటే లోపల మనిషి ఉన్నాడనే గుర్తించవు. కాబట్టి అదే మోడల్‌కు తగిన ఇంకో ఛార్జర్‌లో, కళ్లెదుట పెట్టుకుని ఓసారి ప్రయత్నించవచ్చు. నిండు బ్యాటరీ నుంచి తీగలు కలిపి తోయడం మాత్రం వద్దు. అక్కడ కరెంటుకు కళ్లెం ఉండదు, ఏ సెల్ ఎంత దిగిందో తెలియదు.

లేచిన బ్యాటరీని వెంటనే పెళ్లికి తీసుకెళ్లకండి. నిండా ఛార్జ్ చేసి, అంటుకునే వస్తువులకు దూరంగా వారం పక్కనపెట్టి మీటర్ చూడండి. 8.4కు కాస్త అటూఇటూగా నిలిస్తే సరే. వాడకుండానే గబగబా దిగినా, ఉబ్బినా, వేడెక్కినా ఆశ వదులుకోవాలి. పిన్నుల మీద టేపు అతికించి, చెత్తబుట్టలో కాకుండా సేకరణ కేంద్రంలో ఇవ్వాలి. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఉత్పత్తిదారుల మీదే పెట్టాయి.

మరి రాగికి బదులు చవకైన అల్యూమినియం రెండు వైపులా వాడకూడదా? గ్రాఫైట్ వైపు లిథియం అల్యూమినియంతో కలిసిపోయి రేకును పాడుచేస్తుంది. సోడియం అలా కలవదు. అందుకే సోడియం అయాన్ బ్యాటరీల్లో రెండు వైపులా అల్యూమినియమే పెడుతున్నారు, అలాంటివాటిని సున్నా వోల్టులకు దించి మరీ రవాణా చేయవచ్చు. మన సంచిలో ఉన్నది మాత్రం రాగి రేకు బ్యాటరీ. సీజన్ ముగిసిన రాత్రి దానికి సగం ఛార్జ్ పెట్టి, కెమెరాలోంచి తీసి దాచితే మూఢమంతా హాయిగా నిద్రపోతుంది.