వేట నిషేధానికి ముందే వచ్చే అతిథులు: ఉద్దానం తీరంలో 8 కిలోమీటర్ల నిబంధన

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో అమలయ్యే 61 రోజుల సముద్ర వేట నిషేధం ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసమేనన్న అభిప్రాయం ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాల్లో తరచూ వినవస్తున్నది. పత్రికా వార్తల్లో సైతం అప్పుడప్పుడు ఇదే కనిపిస్తుంది. ఇది సరికాదు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి వృద్ధి చెందే కాలాన్ని దృష్టిలో ఉంచుకొని విధించిన నిషేధమది. 2015కు పూర్వం దాని గడువు 47 రోజులే. మోటారు లేని సంప్రదాయ తెప్పలకు అది వర్తించదు. నిషేధ కాల భృతిని 2025లో 'మత్స్యకార సేవలో' పథకం కింద ప్రభుత్వం 20 వేల రూపాయలకు పెంచిన విషయం విదితమే.

తాబేళ్ల రాక మాత్రం ఇంతకు చాలా ముందే మొదలవుతుంది. నవంబరు, డిసెంబరు మాసాల నుంచే అవి తీరానికి చేరువలో గుమికూడుతాయి. జనవరి నుంచి మార్చి వరకు ఆడ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుంత తవ్వి వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి తిరిగి వెళ్లిపోతాయి. సరిహద్దుకు అవతల ఒడిశాలోని రుషికుల్య నదీముఖం వీటి సామూహిక సంతానోత్పత్తికి ప్రపంచ ప్రసిద్ధి చెందింది. అక్కడ నవంబరు 1 నుంచి మే 31 వరకు 20 కిలోమీటర్ల పరిధిలో వేటను ఒడిశా ప్రభుత్వం నిషేధిస్తుంది. కాని బాహుదా కలిసే డొంకూరు తీరంలోనో, మహేంద్రతనయ కలిసే బారువ తీరంలోనో ఈదే తాబేలుకు రాష్ట్ర సరిహద్దు తెలియదు కదా!

ఇవతలి వైపు ప్రధాన రక్షణ ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం, 1994. దీని ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సముద్రం సంప్రదాయ మత్స్యకారులకు ప్రత్యేకం. మరపడవలు ఆ హద్దు దాటి లోపలికి రాకూడదు. చిన్న మత్స్యకారుని వల, జీవనోపాధి పెద్ద పడవల కింద నలిగిపోకూడదన్నది చట్టం ఉద్దేశం. తాబేళ్లు గుమికూడేది కూడా ఆ హద్దు లోపలి నీటిలోనే ఎక్కువ. తాబేలుకు మొప్పలుండవు, ఊపిరి కోసం పైకి రావలసిందే. ట్రాల్ వలలో చిక్కి గంటల తరబడి నీటి అడుగున ఉండిపోతే మరణం తప్పదు. జనవరి, ఫిబ్రవరి మాసాల్లో ఒడ్డుకు కొట్టుకువచ్చే కళేబరాలను చూసినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న వేట నిషేధం గురించి కాదు, 8 కిలోమీటర్ల హద్దు గురించి.

తాబేలు బయటపడే మార్గమున్న ప్రత్యేక పరికరాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించింది. రొయ్యలతో పాటు కొంత రాబడి జారిపోతుందన్న సందేహంతో దాని వాడకంపై పడవల యజమానులు విముఖత చూపడం కొత్త కాదు. అయితే తాబేళ్ల రక్షణ చర్యలు చాలవన్న కారణంతో భారత్ నుంచి సముద్రంలో పట్టిన రొయ్యల దిగుమతిని అమెరికా 2019లో నిలిపివేయడం గమనార్హం.

ఏప్రిల్, మే నెలల్లో సముద్రంపై వేట ఆగినా ఒడ్డున పని ముగియదు. 45 నుంచి 60 రోజులకు పొదిగే గుడ్ల నుంచి పిల్లలు వెలువడేది, వేసవి సందర్శకులు బీచ్‌లకు వచ్చేది ఆ రోజుల్లోనే. తాబేలు పిల్లలు వెలుగు ఉన్న దిక్కును సముద్రమనుకొని నడుస్తాయి. టార్చిలైట్లు, మంటలు, తీరానికి అభిముఖంగా వెలిగే దీపాలు వాటిని దారి తప్పిస్తాయి. ఇసుకపై వాహనాలు నడపడం గూళ్లను నలిపివేస్తుంది. గుడ్లు సేకరించడం, తాబేలును పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. మొదటి షెడ్యూలులోని ఈ జీవికి హాని చేస్తే 3 నుంచి 7 సంవత్సరాల జైలు, 2022 సవరణ ననుసరించి కనీసం 25 వేల రూపాయల జరిమానా. గూడు కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ శాఖ సిబ్బందికి తెలియజేయాలి.

ఇక్కడి పడవలలో అధిక భాగం నిలిచేది రేవులో కాదు, ఇసుక మీదే. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఆ పడవలను, వలలను ఎంతగా ధ్వంసం చేసిందో ఉద్దానం వాసులకు చెప్పనవసరం లేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వెలువరించే సముద్ర పరిస్థితి సూచనలు చూసుకొనే వేటకు బయలుదేరాలి. ఒక్కొక్కరికి ఒక లైఫ్ జాకెట్ పడవలో ఉండాలి. పడవ బోల్తాపడినా, ఇంజను ఆగిపోయినా తీర రక్షక దళం అత్యవసర నంబరు 1554కు తెలియజేయవచ్చును.