సర్వర్ ఎందుకు ఆగింది? సాక్ష్యం రీస్టార్ట్‌కు ముందే సేకరించాలి

పరీక్షా ఫలితాలు వెలువడే వేళ వెబ్‌సైట్ మొరాయిస్తే సిబ్బంది సాధారణంగా మొదట చేసే పని సర్వర్‌ను రీస్టార్ట్ చేయడం. సేవలు పునరుద్ధరణ అవుతాయి కానీ, లోపానికి సంబంధించిన కీలక సాక్ష్యం చెరిగిపోతుంది. ప్రోగ్రామ్ ఏ పని మధ్యలో చిక్కుకుందన్న సమాచారం మెమొరీలో ఉంటుంది. ప్రాసెస్ ముగిస్తే అదీ పోతుంది. ఆ మెమొరీని ఉన్నదున్నట్లుగా ఫైలులో భద్రపరచడమే క్రాష్ డంప్. లినక్స్‌లో దీనిని కోర్ డంప్ అంటారు. పూర్వపు కంప్యూటర్ల మెమొరీలో వాడిన అయస్కాంత వలయాల పేరే ‘కోర్’గా నిలిచింది.

కూలడం వేరు, స్తంభించడం వేరు

ప్రాసెస్ హఠాత్తుగా కూలిపోతుంటే డంప్ తీసే ఏర్పాటు ముందే ఉండాలి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వారి ఉచిత సాధనం ప్రాక్‌డంప్‌ను కాపలా ఉంచితే, కూలే క్షణంలో అదే నమోదు చేస్తుంది. లినక్స్‌లో కోర్ ఫైలు పరిమాణ పరిమితి సున్నాగా ఉంటే ఫైలు ఏర్పడదు. అందువల్ల ఆ పరిమితిని ముందుగా పెంచాలి.

ప్రాసెస్ కూలకుండా స్తంభిస్తే, అది సజీవంగా ఉండగానే డంప్ తీయవచ్చు. లినక్స్‌లో ఇందుకు జీకోర్ ఉపయోగపడుతుంది. కొన్ని సెకన్ల వ్యవధితో రెండు మూడు డంప్‌లు తీయడం మేలు. అన్నింటిలోనూ ఒకే పని ఒకేచోట నిలిచి ఉంటే చిక్కుముడి అక్కడే ఉందని అనుమానించవచ్చు. అయితే జాప్యం తగదు. విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్ సాధారణ అమరికలో ప్రతి 30 సెకన్లకు ప్రాసెస్‌ను పలకరిస్తుంది. 90 సెకన్లలోగా బదులు రాకపోతే దానిని తొలగిస్తుంది.

పూర్తి డంప్ పరిమాణం ప్రాసెస్ వాడుతున్న మెమొరీకి దాదాపు సమానంగా ఉండవచ్చు. రాస్తున్నంతసేపు ప్రాసెస్ నిలిచిపోవచ్చు. డిస్కులో ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

సాక్ష్యమే ముప్పు కావచ్చు

మెమొరీలో ఉన్నవన్నీ డంప్‌లోకి చేరతాయి. వాటిలో పాస్‌వర్డ్‌లు, ఖాతాదారుల వివరాలు, రహస్య కీలు కూడా ఉండవచ్చు. 2023లో స్టార్మ్-0558 అనే హ్యాకర్ల బృందం మైక్రోసాఫ్ట్ సంతకపు కీని చేజిక్కించుకుని దాదాపు 25 సంస్థల ఈమెయిళ్లలోకి చొరబడింది. 2021 ఏప్రిల్ నాటి ఒక క్రాష్ డంప్ ద్వారా ఆ కీ బయటికి పొక్కి ఉండవచ్చని సంస్థ తొలుత వివరించింది. ఆ కీ ఉన్న డంప్ ఏదీ తమకు దొరకలేదని 2024 మార్చిలో సవరించుకుంది. కీ ఎలా చేజారిందన్నది తేలకపోయినా, డంప్ ఫైలుపై అనుమానం రావడమే అందులో ఏముంటుందో చెబుతుంది.

అందుకే డంప్‌ను సాధారణ ఈమెయిల్‌లో పంపరాదు. ఎన్‌క్రిప్ట్ చేసి, అవసరమైన వారికే అందుబాటులో ఉంచి, విశ్లేషణ ముగియగానే తొలగించాలి. భారత డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం-2023 ప్రకారం, డేటా భద్రతకు సముచిత ఏర్పాట్లు చేయని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు.