రాజ్యం, యుద్ధం, ప్రేమ – యువతరం చదువుతున్న మాయా నవలలు

జానపద కథలంటే చెవి కోసుకోని వారు మనలో అరుదు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటరాముడు తోటమాలి కొడుకు. రాజకుమారిని ప్రేమించాడు, మాంత్రికుణ్ణి జయించాడు, ఆమెను పెళ్లాడాడు. 1947లో మొదలైన 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలూ కోటలు, మాంత్రికులు, సాహసాలతో సాగినవే. కాబట్టి ఇంగ్లీషులో 'యంగ్ అడల్ట్ ఫాంటసీ' అని పిలిచే నవలలు మనకు పరాయివి కావు, దూరపు చుట్టాలే. అయినా వాటికీ మన జానపదాలకూ ఒక పెద్ద తేడా ఉంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ ఆ తేడాను గమనించాలన్నదే మా ఈ చిన్న ప్రయత్నం.

యంగ్ అడల్ట్ అంటే సుమారు 12 నుంచి 18 ఏళ్ల పాఠకులను దృష్టిలో పెట్టుకొని రాసే సాహిత్యం. కథానాయకులూ ఆ వయసు వాళ్లే. అంటే హైస్కూలు, ఇంటర్మీడియట్ వయసు. ఈ పుస్తకాలను పెద్దవాళ్లు కూడా ఇష్టంగా చదువుతారు.

మన జానపదంలో చెడ్డవాడు మాంత్రికుడు. వాడు చస్తే కథ కంచికి చేరుతుంది. రాజు రాజుగానే, రాజ్యం రాజ్యంగానే ఉంటాయి. తోటమాలి కొడుకు రాజుగారి అల్లుడవుతాడే గాని మిగతా తోటమాలుల సంగతి ఎవరూ అడగరు. ఈ కొత్త నవలల్లో చెడు ఒక్క మనిషిలో ఉండదు. వేసే పన్నులో ఉంటుంది, చేసే చట్టంలో ఉంటుంది, పిలిచే పిలుపులో ఉంటుంది. ఇందుకు ఒక నవలను ఉదాహరణగా తీసుకుందాం.

ఒరిషా రాజ్యం కథ

'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్' 2018లో వెలువడింది. రచయిత్రి టోమి అడెయెమి నైజీరియా మూలాలున్న అమెరికన్. పుస్తకం వచ్చేనాటికి ఆమె వయసు 24 ఏళ్లే. పశ్చిమాఫ్రికాలోని యోరుబా ప్రజల దేవతలు, నమ్మకాలు ఆధారంగా ఆమె ఒరిషా అనే రాజ్యాన్ని కల్పించారు. అందులోని ఊళ్లకు లాగోస్, ఇబాడన్, ఇలోరిన్ అని నైజీరియాలోని నిజమైన ఊళ్ల పేర్లే పెట్టారు.

ఆ రాజ్యంలో మంత్రశక్తి గలవారిని 'మాజీ'లు అంటారు. మన తెలుగు అర్థంలో కూడా వాళ్లు ఇప్పుడు మాజీలే! ఎందుకంటే కథ మొదలయ్యే నాటికి పదకొండేళ్ల క్రితమే మంత్రం మాయమైంది. అదే అదనుగా సారన్ అనే రాజు వాళ్లందరినీ చంపించాడు. మిగిలింది వాళ్ల పిల్లలు. వాళ్ల జుట్టు తెల్లగా ఉంటుంది కనుక ఎక్కడికి వెళ్లినా దాక్కోలేరు. అధికారులు వాళ్లను 'పురుగులు' అని పిలుస్తారు. వాళ్ల మీద ప్రత్యేకంగా పన్ను వేసి, పెంచుకుంటూ పోతారు. కట్టలేనివాళ్లను వెట్టిచాకిరీకి తోలుకుపోతారు.

కథానాయిక జేలీ అలాంటి పిల్ల. తల్లిని రాజభటులు ఆమె చిన్నతనంలోనే చంపేశారు. ఊళ్లో ఒక ముసలమ్మ ఆడపిల్లలకు రహస్యంగా కర్రసాము నేర్పుతుంటుంది. భటులు వస్తే అందరూ బట్టలు కుడుతున్నట్టు నటిస్తారు. ఇంతలో రాజకుమార్తె అమారి కోట నుంచి పారిపోయి వస్తుంది. తన ప్రాణస్నేహితురాలైన పనిపిల్లను తండ్రే చంపడం ఆమె కళ్లారా చూసింది. మంత్రాన్ని తిరిగి తెచ్చే ఒక ప్రాచీన పత్రం ఆమె చేతిలో ఉంది. ఆమె అన్న ఇనాన్ సైన్యంతో వెంటాడుతుంటాడు. జేలీ, ఆమె అన్న జేన్, అమారి కలిసి మంత్రాన్ని నిలబెట్టడానికి బయలుదేరడమే కథ.

రాజకీయం

రాజు ఎందుకంత క్రూరుడయ్యాడు? అతని మొదటి కుటుంబాన్ని మంత్రశక్తి గలవాళ్లే చంపారు. ఆ భయాన్నే అతను చట్టంగా మార్చాడు. కొందరు చేసిన దానికి ఒక జాతి మొత్తానికి శిక్ష వేశాడు. మనిషిని పురుగు అని పిలవడం అలవాటైతే, తర్వాత ఏం చేసినా జనానికి తప్పనిపించదు. పిలుపు ఎంత పని చేస్తుందో మన ఊళ్లలో పెరిగిన వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అమెరికాలో నిరాయుధులైన నల్లజాతి వారిని పోలీసులు కాల్చిచంపిన వార్తలు చూసిన బాధతో ఈ నవల రాశానని రచయిత్రి స్వయంగా చెప్పుకున్నారు.

ప్రేమ

జేలీ, ఇనాన్ ఒకరినొకరు ఇష్టపడతారు. ఇనాన్ లోనూ మంత్రశక్తి ఉందని బయటపడుతుంది. ఇద్దరూ కలిసి కొత్త రాజ్యం కట్టాలని కలలు కంటారు. కానీ చిన్ననాటి నుంచి తండ్రి నూరిపోసిన భయం అతన్ని వదలదు. కీలక సమయంలో అతను తండ్రి పక్షాన చేరతాడు. ప్రేమ ఒక్కటే అన్ని గోడలనూ కూల్చేస్తుందని మన సినిమాలు చెబుతాయి. మనసులో పేరుకున్న భయాన్ని కూడా జయిస్తేనే ప్రేమ నిలుస్తుందని ఈ నవల చెబుతుంది.

యుద్ధం

ఈ కథ మూడు పుస్తకాలుగా వచ్చింది. 2019లో వచ్చిన రెండో పుస్తకంలో మంత్రం తిరిగి వస్తుంది గాని అణగారిన వాళ్లకే కాదు, కొందరు ప్రభువులకూ వస్తుంది. అంతర్యుద్ధం మొదలవుతుంది. అధికారం చేతికొచ్చాక పగ తీర్చుకోవాలా, న్యాయం చేయాలా అన్నదే అసలు ప్రశ్న. మూడో పుస్తకం 2024లో వచ్చింది.

ఇవి ఉత్త కట్టుకథలే కదా అనేవారికి మరో మాట. సుజాన్ కాలిన్స్ 2008లో రాసిన 'హంగర్ గేమ్స్'లో మంత్రాలు లేవు, భవిష్యత్ కాలపు నిరంకుశ రాజ్యం ఉంది. ఏటా చీటీలు తీసి, పిల్లలను చావు పోటీకి పంపుతారు. చీటీ అందరికీ సమానమే అనిపిస్తుంది. కానీ తిండి గింజలు కావాలంటే పేదపిల్లలు తమ పేరు అదనంగా రాయించుకోవాలి. ఆకలి ఎక్కువైన ఇంటి పిల్లకే చావు చీటీ వచ్చే అవకాశం ఎక్కువ! ఆ కథలోని మూడువేళ్ల వందనాన్ని 2014లో థాయిలాండ్ లో సైనిక తిరుగుబాటును వ్యతిరేకించిన యువకులు, 2021లో మయన్మార్ యువకులు వీధుల్లో చూపారు. కట్టుకథ వీధిలోకి నడిచి రావడమంటే ఇదే.

ఎలా చదవాలి?

మా కుటుంబంలో డిగ్రీ పట్టా అందుకోవడం మాతోనే మొదలు. ఇంట్లో ఇంగ్లీషు పుస్తకం చూపి చెప్పేవారు లేని కష్టం మాకు తెలుసు. అందుకే మాకు పనికొచ్చిన పద్ధతి చెబుతున్నాం. ఒక కాగితం మీద పాత్రల పేర్లు, ఎవరికి ఎవరు ఏమవుతారో రాసుకోండి. ఈ నవలలో ప్రతి అధ్యాయం పైన అది ఎవరు చెబుతున్నారో పేరు ఉంటుంది, ముందు అది చూడండి. ప్రతి మాటకూ నిఘంటువు తెరవకండి. ఒకే మాట మూడోసారి ఎదురైతే అప్పుడు వెతకండి. రోజుకు పది పేజీలు చదివితే అయిదు వందల పేజీల పుస్తకమైనా రెండు నెలల్లోపే పూర్తవుతుంది.

చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ రాజ్యంలో పన్ను ఎవరు కడుతున్నారు? పేర్లు ఎవరు పెడుతున్నారు? గెలిచినవాడు కుర్చీలో కూర్చున్నాక మిగతావారి బతుకు మారిందా? ఈ ప్రశ్నలు అలవాటైతే నవలనే కాదు, దినపత్రికనూ చక్కగా చదవగలుగుతాం. పోటీ పరీక్షల పుస్తకాల పక్కన ఒక కథల పుస్తకానికీ చోటివ్వండి. రేపు మనలో ఒకరు మన ఊరి పేర్లతో, మన దేవతలతో, మన భాషలో ఇలాంటి రాజ్యాన్ని కల్పించాలని మా కోరిక.