ఆకులపై పాచి పట్టిందా? ముందు లైటు ఆపండి!

ముచ్చటపడి ఫిష్ ట్యాంక్ కొన్నారు. ప్లాస్టిక్ మొక్కలు వద్దనుకుని అసలైన అనూబియాస్, జావా ఫెర్న్ పెట్టారు. రెండు నెలలు తిరిగేసరికి ఆకుల మీద పచ్చటి చుక్కలు, అంచులకు నల్లటి నూగు! పాచి చంపే మందు కోసం షాపుకి బయల్దేరారా? ఒక్క నిమిషం ఆగండి.

పాచికీ మొక్కకీ కావాల్సినవి ఒకటే: వెలుతురు, పోషకాలు. మొక్కలు వాడుకోగా మిగిలిందే పాచికి విందు. అనూబియాస్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఒక్కో ఆకు నెలల తరబడి ఉంటుంది. అందుకే పాచి దాన్ని తేలిగ్గా పట్టేస్తుంది.

ఏ రకం పాచి?

గోధుమరంగు పొడి: కొత్త ట్యాంకుల్లో మామూలే. వేలితో రుద్దితే పోతుంది. కొన్ని వారాల్లో చాలావరకు దానంతట అదే తగ్గుతుంది.

పచ్చ చుక్కలు: లైటు ఎక్కువైందనడానికి గుర్తు. రుద్దినా ఓ పట్టాన వదలవు.

నల్ల నూగు: చూడ్డానికి నల్లగా ఉన్నా ఇది ఎర్ర నాచు జాతిది. బాగా పట్టిన ఆకుల్ని మొదలంటా కత్తిరించేయడమే మేలు.

ఇలా చేయండి

* లైటు రోజుకు ఆరు గంటలే. టైమర్ పెడితే మర్చిపోయే గొడవే ఉండదు. కిటికీ ఎండ ట్యాంకుపై పడనివ్వొద్దు.
* మేత రెండు నిమిషాల్లో చేపలు తినేసేంతే వేయండి.
* వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చండి. కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే పోయాలి.
* హార్న్‌వర్ట్, అంతరతామర లాంటివి వేగంగా పెరిగి పోషకాల్ని లాగేసుకుంటాయి. ఎక్కువైతే తీసేయండి, చెరువుల్లో మాత్రం పడేయొద్దు.
* నెరైట్ నత్తలు, అమానో రొయ్యలు పాచిని తింటాయి. జపాన్ అక్వేరియం నిపుణుడు తకాషి అమానో వల్లే ఆ రొయ్యలకు ఆ పేరు.

ఇవి మాత్రం వద్దు

రాగి ఉన్న మందులు రొయ్యల్ని, నత్తల్ని చంపేస్తాయి. పైగా చచ్చిన పాచి కుళ్లి నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అలాగని ట్యాంకంతా ఖాళీ చేసి, ఫిల్టర్‌ను కొళాయి కింద కడిగేయకండి. చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా ఉండేది అందులోనే. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

ఫలితం కోసం పాత ఆకుల్ని చూడకండి, వాటి మచ్చలు అంత తేలిగ్గా పోవు. కొత్తగా వచ్చే చిగురును గమనించండి. అది శుభ్రంగా ఉందంటే మీరు గెలిచినట్టే!