ఢిల్లీ పన్నులో మన వాటా

చెరువు నిండినా చివరి మడికి నీరందకపోతే చెరువును తిట్టి లాభంలేదు. కాలవగట్టు వెంబడి నడిచి, గండి ఎక్కడ పడిందో, అడ్డకట్ట ఎవరు వేశారో చూసుకుంటాం. సర్కారు పైకం సంగతీ అంతే. మురుగుకాలవకు డబ్బులేదంటారు, స్ప్రింక్లర్ల రాయితీ ఇంకా దిగలేదంటారు. ఆ పైకం ఢిల్లీ నుంచి ఏ దారిన వస్తుందో, ఏ తూము దగ్గర ఆగుతుందో చెప్పుకుందాం.

‘నేను కేంద్రానికి పన్నే కట్టను’ అని కొందరంటారు. ట్రాక్టరుకు డీజిలు పోయించారా? అయితే కట్టినట్టే. 2021 ఫిబ్రవరి లెక్క చూడండి. అప్పుడు లీటరు డీజిలు మీద కేంద్రం సుంకం 31 రూపాయల 80 పైసలు. ఇందులో రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల సుంకం 1 రూపాయి 80 పైసలే! తక్కిన 30 రూపాయలూ రోడ్ల సెస్సు, వ్యవసాయ సెస్సు, ప్రత్యేక అదనపు సుంకం. సెస్సునూ సర్‌చార్జీనీ రాష్ట్రాలకు పంచనక్కరలేదని రాజ్యాంగంలోనే వుంది. ఆ పైకమంతా వృథా అయిందని నేననను, దానితో రోడ్లు పడ్డాయి గదా. కాని ఎక్కడ వెయ్యాలి, ఎంత వెయ్యాలి అన్నది ఢిల్లీ నిర్ణయం. రాష్ట్రం అడగవచ్చునేగాని, హక్కుగా తెచ్చుకునే వాటా కాదది.

ఇక పంచుకునే రాశి. అందులో ఎవరికెంతో అయిదేళ్లకోసారి ఆర్థిక సంఘం తేలుస్తుంది. మన తెలుగువారే, రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన వై.వి. రెడ్డిగారు అధ్యక్షులుగా వున్న 14వ సంఘం, నూటికి 32గా వున్న రాష్ట్రాల వాటాను 2015 నుంచి 42 చేసింది. తరువాతి సంఘం, జమ్మూకాశ్మీరు కేంద్రపాలిత ప్రాంతం కావటంతో, దాన్ని 41 చేసింది. 2021–26 మధ్య రాశిలో 100 రూపాయలు పడితే ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది సుమారు 1 రూపాయి 66 పైసలు, తెలంగాణకు 86 పైసలు. అంతకుముందు 14వ సంఘం లెక్కన ఆంధ్రకు 1 రూపాయి 81 పైసలు, తెలంగాణకు 1 రూపాయి 2 పైసలు వచ్చేవి.

ఎందుకు తగ్గింది? 15వ సంఘం కొలతలో నూటికి 45 వంతులు తలసరి ఆదాయం తక్కువున్న రాష్ట్రాల వైపు మొగ్గుతాయి. బీదవాడి విస్తట్లో ఒక ముద్ద ఎక్కువ పెట్టటం న్యాయమే. అయితే హైదరాబాదు రాబడితో కలిపి సగటు తీస్తే, ఆదిలాబాదు మెట్టరైతు కూడా కాగితం మీద కలిగినవాడే అవుతాడు! పైగా 1971 జనాభాను విడిచి 2011 జనాభానే లెక్కలోకి తీసుకున్నారు. కుటుంబ నియంత్రణ పాటించిన దక్షిణాదికి అది దెబ్బే. సర్దుబాటుగా 12.5 వంతులు వేరే పెట్టారుగాని, దానితో ఆ వెలితి తీరలేదు.

మరి 2015లో వాటా పెరిగింది గదా, రైతుకేమి ఒరిగింది? ఆ ఏటనే ఇంకో మార్పు వచ్చింది. అంతదాకా రాష్ట్రీయ కృషి వికాస యోజన పూర్తిగా కేంద్రం ఖర్చుతో నడిచింది. 2015–16 నుంచి నూటికి 60 కేంద్రం, 40 రాష్ట్రం అన్నారు. ఒక చేత్తో ఇచ్చి, రెండో చేత్తో ‘నీవూ తెచ్చి వెయ్యి’ అన్నట్టయింది. ఖజానా బిగుసుకున్న ఏడు రాష్ట్రం తన 40 వెయ్యలేకపోతే కేంద్రం కిస్తూ నిలబడుతుంది. విస్తరణాధికారులకు నా మనవి ఒకటి. రైతు అడిగితే ‘పైనుంచి రాలేదండీ’ అని పంపెయ్యకండి. ఏ వాటా ఆగిందో కనుక్కుని చెప్పండి. ఈ కారుకు రాదని ముందే తెలిస్తే అతడు తన ఏర్పాటు తాను చూసుకుంటాడు.

ఆఖరి తూము మీ పంచాయతీ. 15వ సంఘం గ్రామాలకిచ్చిన పైకంలో నూటికి 60 మంచినీటికి, పారిశుధ్యానికి. 40 ఊరి అవసరాన్నిబట్టి. జీతాలకు మాత్రం వాడరాదు. ఎన్నికైన పాలకవర్గం వుండాలన్నది ముఖ్యమైన షరతు. తెలంగాణలో సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. నడుమ దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే వున్నారు, ఈ గ్రాంటు ఆగిపోయింది. ఆంధ్రలోనూ 2018 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగేదాకా పాలకవర్గాలు లేవు. ఇక్కడ గండి ఢిల్లీలో పడింది కాదు, మన గట్టునే పడింది.

మీ పంచాయతీకి ఎంత జమపడిందో, దేనికి ఖర్చయిందో ఈ-గ్రామస్వరాజ్ అనే సర్కారు వెబ్‌సైటులో వుంటుంది. గ్రామసభకు వెళ్లే ముందు ఇంట్లో చదువుకున్న పిల్లవాణ్ణి సెల్‌ఫోనులో చూసిపెట్టమనండి. ఈ ఏడు జమ ఎంత, నీటి పద్దులో ఖర్చెంత, ఈ రెండంకెలూ చీటీ మీద రాసుకుని వెళ్లండి. ఆ చీటీ సభలో సర్పంచిగారి ముందు పెట్టి, కార్యదర్శిచేత పద్దు చదివించండి.