కారుకీ ఉన్నాయి తూములు

నీళ్ళు తెచ్చే కాలువ ఎంత అవసరమో, నీళ్ళు తీసుకుపోయే మురుగు కాలువా అంతే అవసరమని గోదావరి డెల్టా రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పంటకాలువలు ఊరూరా పాకాయి. కానీ మురుగు కాలువలో గుర్రపుడెక్క అల్లుకుందంటే చాలు, అక్టోబరు వానకి చేను ముంపే. ఇంటిముందు చెట్టునీడన నిలిపిన కారు సంగతీ ఇంతే.

కారు ముందు అద్దం అడుగున, వైపర్లు పడుకునే చోట, నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. దాని కింద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గాడి. అద్దం మీద పడ్డ వానంతా ఇందులోకే జారి, చివర్లలో ఉన్న తూముల్లోంచి ముందు చక్రాల వెనకగా నేలమీద పడుతుంది. ఏసీ బ్లోవరు బయటిగాలి పీల్చుకునేదీ ఇక్కడినుంచే. కారు పరుగెడుతుంటే గాలి అద్దం మొదట్లో ఒత్తుకుని పీడనం పెరుగుతుంది. అందుకే గాలిదారి అక్కడ పెట్టారు. తూము పూడితే గాడిలో నీటిమట్టం పెరిగి, నీళ్ళు ఆ గాలిదారినే పట్టుకుని లోపలికొస్తాయి.

ఒక జూన్‌లో మా కారు ఎడమసీటు ముందు తివాచీ చెమ్మగిల్లితే, ఏసీ నీళ్ళేలే అనుకుని రెండు వారాలు ఊరుకున్నాను. జాలీ ఊడదీయిస్తే కింద నల్లటి ఎరువు, అందులో వేప మొలక! కడియం నర్సరీలో పెట్టినా బతికేది.

పెద్ద ఆకులతో అంత బెడద లేదు. బాదం ఆకు జాలీ మీదే ఆగిపోతుంది, చేత్తో తీసి పారేయొచ్చు. చింత, తురాయి, నిద్రగన్నేరు చిట్టి ఆకులే కంతల్లోంచి దూరిపోతాయి. వేప శిశిరంలో ఆకు రాలుస్తుంది. ఆ ఆకు మూడు నెలలు ఎండి, దుమ్ముతో కలిసి, తొలకరికి తడిసి పిండిముద్దలా తూముకి అతుక్కుంటుంది. తూము వ్యాసం సగానికి తగ్గితే నీళ్ళు పోయే చోటు పావువంతే మిగులుతుంది.

ముంపు కనిపిస్తుంది, తుప్పు కనిపించదు. వాన వెలిసిన వారానికీ ఆకుముద్ద కింద రేకు తడిగానే ఉంటుంది. ముద్ద అడుగున ఆక్సిజన్ తక్కువ, అంచుల్లో ఎక్కువ. ఈ తేడాతో ఆ తడిరేకు చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఆక్సిజన్ అందని చోటే ఇనుము కరిగిపోతుంది. అంతర్వేది, ఉప్పాడ వైపు గాలిలో ఉప్పు కూడా తోడై ఆ నీటిలో విద్యుత్తు ఇంకా సులువుగా పారుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కనక పెయింటు పొక్కుతుంది. పొక్కు కనబడేసరికి లోపలి రేకు చాలావరకు పోయినట్టే.

తలుపుల అడుగు అంచున, డిక్కీ చుట్టూ కూడా ఇలాంటి దారులే ఉంటాయి. సన్‌రూఫ్ ఉంటే దాని మూలల నుంచి సన్నటి గొట్టాలు దిగుతాయి. వాటిలో గట్టి తీగ పొడవకండి, గొట్టం కీలు ఊడి నీళ్ళు పైకప్పు లోపలే కారతాయి. చెత్త చేరేది తూముల్లోనే కాదు. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబెట్టిన గడ్డి తొక్కుకుంటూ వచ్చారా, ఇంటికి రాగానే కారు కిందకి వంగి చూడండి. పొగను శుద్ధి చేసే కన్వర్టరు కొన్ని వందల డిగ్రీలు వేడెక్కుతుంది. అక్కడ చిక్కిన గడ్డి అంటుకోగలదు.

శుభ్రం చెయ్యడానికి చెయ్యి, పాత టూత్‌బ్రష్షు, దొరికితే వాక్యూమ్ క్లీనరు చాలు. గాలి కొట్టిస్తే ముద్ద ఇంకా లోపలికి పోవచ్చు. కాలువలు కట్టేసి పూడిక తీసే వేసవే దీనికీ అదను. తీశాక చెంబుడు నీళ్ళు జాలీ ఒక చివర మెల్లగా పొయ్యండి, రెండో చివరా అలాగే. చక్రం వెనక ధారగా పడితే తూము తెరిచి ఉన్నట్టు. చుక్కచుక్కగా పడినా, అసలు పడకపోయినా మృగశిర కార్తె రాకముందే మెకానిక్‌ చేత జాలీ ఊడదీయించండి.